రాయి నుంచి రాయికి డెబ్బై రెండు సెకన్లు

పోయిన వేసవిలో మా బడి యాజమాన్యం టీచర్లందరినీ ఊళ్ల మీదికి తోలింది. దాన్ని అడ్మిషన్ల డ్యూటీ అంటారు. లెక్కలు చెప్పేవాళ్లయినా, తెలుగు చెప్పేవాళ్లయినా ఎండలో ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల్ని మా బడికి పంపండని కరపత్రం చేతిలో పెట్టి రావాలి. ఇది మా పని కాదని నేను కాగితం రాసిచ్చాను. రాసిచ్చినందుకే నాకు అందరికంటే దూరపు ఊరు వేశారు, లాల్‌గడి మలక్‌పేట్. ఆ జాబితా చదువుతూ ప్రిన్సిపల్ నా పేరు దగ్గర ఆగి చిన్నగా నవ్వాడు. అది నేను మర్చిపోను. ఇటువంటివి నేను మర్చిపోలేను. దాన్ని రోగమనుకునేవాళ్లు అనుకోవచ్చు.

శామీర్‌పేట్ దాటి కరీంనగర్ రోడ్డు మీద నా స్కూటీ పోతుంటే ఒక కిలోమీటరు రాయి కనబడింది. అలవాటు కొద్దీ మీటరు చూశాను. మీటరులో చివర ఉండే ఎర్ర అంకె కిలోమీటరులో పదో వంతును చూపిస్తుంది. రాయి నుంచి రాయికి అది పది అంకెలు తిరగాలి. రెండో రాయి దగ్గరికి వచ్చేసరికి పదమూడు తిరిగింది. పొరపాటు పడ్డాననుకుని వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. పదమూడే. మూడోసారీ అంతే. స్కూటీ పక్కన నిలిపి, కరపత్రాల కట్ట ఒళ్లో పెట్టుకుని ఆ రాయి మీద కూర్చుండిపోయాను. ఎందుకు కూర్చున్నానో తెలియాలంటే మా నాయిన సంగతి చెప్పాలి.

మా నాయిన యాదగిరి, కండ్లకోయ వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుకు డ్రైవరు. ఆ కాలేజీ పేరు రాయడం నాకిష్టం లేదు. మేము శామీర్‌పేట్‌లో ఒక పంక్చర్ దుకాణం వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. మా ఇంటికి మూడు వాసనలు. పంక్చర్ దుకాణం నుంచి వచ్చే కాలిన రబ్బరు వాసన, పెద్దనాయిన చెరువులో పట్టి తెచ్చిచ్చే చేపలు ఎండుతున్న వాసన, నాయిన చొక్కా డీజిల్ వాసన. ఇంటికొచ్చిన నా స్నేహితురాలు ఒకతి ముక్కు మూసుకుంది, ఆమె మళ్లీ మా ఇంటికి రాలేదు, నేను పిలవలేదు. నాయిన తెల్లవారకముందే లేచేవాడు. ఖాకీ చొక్కాను రాత్రే మడిచి పరుపు కింద పెట్టుకునేవాడు, అదే ఆయనకు ఇస్త్రీ. చాయ్ సగం తాగి, మిగతా సగం బస్సు దగ్గరికి తీసుకుపోయి, తడిపిన పేపరుతో ముందు అద్దం తుడిచాక తాగేవాడు. చేతి గడియారం అందరిలా కాకుండా మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేవాడు. స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా టైం చూడడానికి అది ఆయన కనుక్కున్న ఉపాయం.

ఆ బస్సులో వేగం చూపించే ముల్లు చచ్చిపోయి సున్నా మీద పడి ఉండేది. బాగు చేయించమని నాయిన మూడుసార్లు కాగితం ఇచ్చాడు. మూడూ నా చేతిరాతే. బస్సుల మీద పెత్తనం చేసే ఇంచార్జి నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని తిరిగేవాడు. మూడో కాగితం ఇచ్చినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. "ఇరవై ఏండ్ల సంది తోల్తున్నవ్ గదా యాదగిరీ, నీ స్పీడు నీకు తెల్వదా? నీ కాలు చెప్పదా?" అన్నాడు. అదే ఇంచార్జి అంతకు వారం ముందు డ్రైవర్లందరి చేత సంతకాలు తీసుకున్నాడు. యాభై దాటి నడిపితే ఇంటికి పంపిస్తామని. ముల్లు లేని బండికి యాభై గీత గీసిన మనిషి అతను.

నేనప్పుడు పదో తరగతి. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ నాయిన అడిగాడు. "బిడ్డా, ఒక కిలోమీటరు రాయి కాడికెల్లి ఇంకో రాయి కాడికి ఎన్ని సెకండ్లల పోతే యాభై అయితది?"

గంటకు మూడు వేల ఆరు వందల సెకన్లు. గంటలో యాభై రాళ్లు దాటాలంటే ఒక్కో రాయికి దాన్ని యాభైతో భాగించాలి. "డెబ్బై రెండు," అన్నాను.

"డెబ్బై రెండు," అని ఆయన నీళ్ల చెంబు చేతిలో పట్టుకునే నాలుగుసార్లు అనుకున్నాడు. "అంతకంటె జల్దీ పోతే జోరు, ఆలిశం పోతే నయం. గంతేనా?"

"గంతే నాయినా."

"మరి గీ ముక్క చెప్పెటందుకు ఆనికి మీటరెందుకు, నా బిడ్డ ఉండంగ?"

పాత క్యాలెండరు వెనక స్కేలుతో గీతలు కొట్టి పట్టిక రాసిచ్చాను. అరవై సెకన్లయితే అరవై, డెబ్బై రెండయితే యాభై, ఎనభై అయితే నలభై అయిదు, తొంభై అయితే నలభై. నాయిన దాన్ని స్టీరింగ్ పైన, నిమ్మకాయ మిరపకాయలు వేలాడే చోట టేపుతో అంటించాడు. యాభై ఉన్న వరస కింద ఎర్ర పెన్సిల్ గీత. బస్సులో ముందు సీట్ల పిల్లలు దాన్ని ఆటగా చేసుకున్నారు. రాయి రాగానే ఒకటి అని మొదలుపెట్టి, రెండో రాయి దాకా గట్టిగా అంకెలు లెక్కపెట్టేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి నాయిన గుమ్మంలో నుంచే నాకు అప్పజెప్పేవాడు. "ఇయ్యాల డెబ్బై నాలుగు." నేను లోపలి నుంచి, "నలభై ఎనిమిదిన్నర," అనేదాన్ని. "ఏం ముచ్చటనో తండ్రి బిడ్డలది, ఏదో రేడియో వార్తల లెక్క," అని అమ్మ విసుక్కునేది. మా బడిలో లెక్కల సారు వేగం పాఠం చెప్తున్నప్పుడు నేను లేచి ఈ పద్ధతి చెప్పాను. ఆయన పుస్తకం మూసి, "డ్రైవర్ బిడ్డకు రాళ్ల లెక్కనే అస్తది గని బుక్కు లెక్క అస్తదా," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎవరు ముందు నవ్వారో, ఏ బెంచీలో కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. ఇంటికొచ్చి ఏడిస్తే నాయిన అన్నాడు. "ఆ సారును ఒక్కపాలి నా బస్సు ఎక్కమను. నీ లెక్క మీద నలభై మంది పాణాలు పోతున్నయి వస్తున్నయి."

అవి రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు. ఒక నెల బందులతో పని ఆగేది, ఒక నెల బుల్డోజర్లతో దుమ్ము లేచేది. పాత కిలోమీటరు రాళ్లను పీకి కుప్పలు పోశారు. కొన్నాళ్లకు పసుపు, తెలుపు రంగులేసి కొత్త రోడ్డు పక్కన మళ్లీ నిలబెట్టారు. మిగతా దారంతా స్టాపులు, మలుపులు కనుక నాయిన లాల్‌గడి మలక్‌పేట్ మలుపు దాటాక వచ్చే ఆ ఒక్క ముక్కలోనే లెక్కపెట్టేవాడు. అక్కడ బస్సు ఆగేది లేదు. కొత్త తారు మీద బండి ఊగదు, చప్పుడు చెయ్యదు. "నీళ్ల మీద తెప్ప పోయినట్టు పోతున్నది బిడ్డా," అనేవాడు.

నేను ఇంటర్‌లో చేరిన ఏడాది, ఒక పొద్దున ఆ ముక్క చివరన ప్రమాదం జరిగింది. పిల్లలు డెబ్బై రెండు అని చప్పట్లు కొట్టారట. రెండో రాయి దాటి పది గజాలు పోయాడో లేదో, డివైడర్ సందులో నుంచి పాల క్యాన్లతో మోపెడ్ అడ్డం వచ్చింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఖాజా మియా. నాయిన బ్రేకు మీద నిలబడ్డా బండి ఆగలేదు. రోడ్డంతా పాలు. నాయినే ఆయన్ను ఎత్తుకుని, అదే బస్సులో పడుకోబెట్టి, అదే పిల్లలతో దవాఖానకు తీసుకుపోయాడు. ఖాజా మియా బతికాడు, ఎడమ కాలు మాత్రం మళ్లీ మడత పడలేదు. బస్సు మస్తు జోరుగా వచ్చిందని ఆయన పోలీసులకు చెప్పాడు. పోలీసులు రోడ్డు మీద టైర్ల గీతలు కొలిచి, అరవై పైనే ఉంటుందని రాశారు.

కాలేజీలో విచారణ పెట్టారు. నేను రాత్రింబవళ్లు కూర్చుని కాగితం తయారు చేశాను. దూరం ఒక కిలోమీటరు, కాలం డెబ్బై రెండు సెకన్లు, సాక్షులు ముందు సీట్ల విద్యార్థులు, కనుక వేగం గంటకు యాభై. నాయిన వద్దన్నా వినకుండా వెంట పోయాను. ఇంచార్జి ఆ కాగితం అందుకుని చూడనైనా చూడలేదు. టేబుల్ మీద పెట్టి, దాని మీద తన చాయ్ గ్లాసు పెట్టాడు. "ఏంది యాదగిరీ, వకీలును తెచ్చుకున్నవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "సరే, నువ్వు చెప్పు. ఎంత మీద ఉన్నవ్ ఆ రోజు?"

నేను నాయిన మొహం చూశాను. ఒక్క మాట చాలు. యాభై అంటే చాలు. పిల్లలు సాక్ష్యం ఉన్నారు, కాగితం ఉంది. ఆయన నేల చూస్తూ, "నాకు తెల్వది సార్. జోరుగనే ఉండొచ్చు," అన్నాడు.

ఉద్యోగం పోయింది. కాగితాల్లో "అతివేగం, నిర్లక్ష్యం" అని రాశారు. ఆటో కోసం కండ్లకోయ రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు నేను ఆయనతో, "నువ్వు పిరికోనివి నాయినా," అన్నాను. మనుషుల మధ్యనే అన్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడడం మొదలుపెట్టాక కూడా అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన తూంకుంట దగ్గర ఒక లేఅవుట్‌కు కాపలా పనిలో కుదిరాడు. ఇళ్లు లేవు, మనుషులు లేరు, తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఇరవై ఏళ్లు రోడ్డు మీద బతికిన మనిషి కదలని నేలకు కాపలా కాశాడు. నేను పోలీసు ఠాణాకు, కలెక్టర్ ఆఫీసుకు అర్జీలు పెడుతుంటే, "ఇడ్సిపెట్టు బిడ్డా, అయిందేందో అయింది," అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. పోరాడాల్సినవాడు కుర్చీలో కూర్చున్నాడు, నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను అనుకునేదాన్ని. రాష్ట్రం వచ్చిన ఏడాది జ్వరమని పడుకుని ఆయన లేవలేదు.

ఆయన పోయాక నా పట్టుదల ఇంకా పెరిగింది. ఆ రెండు మాటలు, అతివేగం, నిర్లక్ష్యం, రికార్డులో నుంచి తీసేయాలి. అంతకు మించి నేనేమీ అడగలేదు. పరిశీలించబడినది అని ఒకరు, మా పరిధిలోనిది కాదు అని ఒకరు జవాబులు రాశారు. ఒక గుమాస్తా, "చచ్చిపోయినాయన పేరుతోని నీకేం పనమ్మా," అన్నాడు. ఖాజా మియా అబద్ధపు వాంగ్మూలం ఇచ్చాడని కూడా నేను అర్జీలో రాశాను. ఆ వేసవికి ముందు పంపిన అర్జీలో కూడా ఆ వాక్యం ఉంది. నా లెక్క మీద నాకు అంత నమ్మకం.

ఇప్పుడు నాయిన లెక్కపెట్టిన ఆ ముక్కలోనే, ఇన్నేళ్లూ నేను రాని చోట, ఆ రాయి మీద కూర్చుని ఉన్నాను. కిలోమీటరు అనుకున్న దూరం కిలోమీటరు కాదు, కిలోమీటరు మీద ఇంకో మూడు వందల మీటర్లు. రాళ్లు తిరిగి పాతినవాళ్లు కొలవలేదు. కల్వర్టు దగ్గర గట్టి నేల వచ్చిందనో, మట్టి మెత్తగా ఉన్న చోట సులువనో, ఎక్కడ తోచితే అక్కడ నిలబెట్టి పోయారు. అంత దూరం డెబ్బై రెండు సెకన్లలో పోతే గంటకు అరవై అయిదు. నేను లెక్కల టీచరును, కాగితం అక్కర్లేదు. పోలీసులు రాసింది నిజం, ఖాజా మియా చెప్పింది నిజం. ఆ పొద్దునే కాదు, ఆ రాళ్లు పాతినప్పటి నుంచి మా నాయిన రోజూ నలభై మంది పిల్లల్ని పెట్టుకుని, నేను రాసిచ్చిన పట్టిక చూసుకుంటూ, అరవై అయిదు మీద పోయాడు. నా ముందు నుంచి కాలేజీ బస్సులు పోతున్నాయి. ఇప్పుడు వాటిలో పరికరాలున్నాయి, ఏ బస్సు ఎక్కడ ఎంత వేగంలో ఉందో తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకుంటారు. అప్పుడు ఆ ముల్లును తిప్పే కేబుల్ తెగితే, అది అతికించమని మూడు కాగితాలు రాశాం.

ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఖాజా మియా ఇంటికి పోలేదు. ఆ రోజు పోయాను. ఇంటి ముందు రేకుల కింద మంచం మీద కూర్చున్నాడు, ఎడమ కాలు కర్రలా ముందుకు చాపి. గడ్డం మొత్తం నెరిసింది.

"యాదగిరి బిడ్డవా?" అన్నాడు నేను పేరు చెప్పకముందే. "గా నడకనే చెప్తున్నది, మీ నాయినదే. కూసో బేటీ. ఇంకో అర్జీ తెచ్చినవా?"

"మా నాయిన ఆ రోజు అరవై అయిదు మీద ఉండె," అన్నాను నిలబడే. "రాళ్లు తప్పు పెట్టిండ్రు. నేను ఇప్పుడే కొల్చిన."

ఆయన ఆశ్చర్యపోలేదు. "మాలూమ్, నాకు ఎర్కనే," అన్నాడు. "నువ్వు స్కూటీతోని కొల్చినవ్. ఆయన సైకిల్‌తోని కొల్చిండు."

నాకు అర్థం కాలేదు. ఖాజా మియా కాలు చేత్తో పట్టుకుని కొంచెం పక్కకు జరుపుకున్నాడు. "నన్ను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినంక వారానికే వచ్చిండు మీ నాయిన. సైకిల్ ముందటి చక్రానికి ఎర్ర పీలిక కట్టి ఉండె. ఏంది భాయ్ గిది అన్న. రాయి కాడికెల్లి రాయి దాంక చక్రం ఎన్నిసార్లు తిరుగుతదో లెక్కపెట్టిన అన్నడు. కదలని పాత రాళ్ల కాడ నాలుగు వందల డెబ్బై. గీడ ఆరు వందల పదకొండు. నువ్వు చెప్పిందే నిజం ఖాజాభాయ్, నేను జోరు మీదనే వచ్చిన అని, గీ మంచం పట్టుకొని ఏడ్సిండు."

"అంటే కాలేజీల విచారణ కాకముందే తెలుసా?"

"ముందే. ఇంకో మాట గూడ అన్నడు. బండి జోరుగున్నదని నా కాలుకు రోజు తెలుస్తనే ఉండె భాయ్, గని బిడ్డ కాగితం యాభై అంటున్నది, సదువుకున్న పిల్ల లెక్క తప్పుతదా అని కాలును నమ్మలే అన్నడు."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "మరి రాళ్లు పెట్టినోళ్ల తప్పని ఎందుకు చెప్పలే? చెప్తే కొలువు నిలబడునేమో గదా?"

"నేను గూడ గదే అడిగిన. చెప్తే గా కాగితం ఎవలు రాసిండ్రంటరు, పిల్లను పిలుస్తరు, జిందగీ అంత నా లెక్కతోని ఒకని కాలు పోయిందని అది కుములుతది అన్నడు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. ఆయినె పోయినంక గూడ ఒట్టు ఒట్టే గదా, ఇయ్యాల నువ్వే కనుక్కున్నవ్ గనుక చెప్తున్న. నువ్వేమో నేను అబద్ధాలకోరునని రాసినవ్. ఠాణల సదివి వినిపిచ్చిండ్రు. మస్తు కోపమొచ్చింది బేటీ."

"ఇంకా ఉన్నదా?"

"ఎందుకుండది? ముసురు పట్టి కాలు గుంజినప్పుడల్లా వస్తది. అప్పుడు మీ నాయినను తిడత, నిన్ను తిడత, గా సందుల నుంచి సూడకుండ వచ్చిన నన్ను తిట్టుకుంట. ఎండ గొట్టినంక మర్చిపోత." అని లోపలికి చూసి చాయ్ పెట్టమని కేకేశాడు.

తప్పయిందని చెప్పడం నాకు అలవాటు లేని పని. మొదటిసారి అనబోయి కరపత్రాలు సర్దుకున్నాను. రెండోసారి అన్నాను. ఆయన నెత్తి ఊపాడు, పోనీలే అని మాత్రం అనలేదు. అననందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. చాయ్ తెచ్చిన కోడలు నా ఒళ్లోని కరపత్రం తీసుకుని చూసి, "మావోనికి లెక్కలంటేనే బుగులు మేడం. మీరే చెప్తరా?" అంది. ఖాజా మియా కాలు వైపు చూసి, చెప్తానన్నాను.

ఆ వారమే అర్జీ మార్చి రాశాను. అతివేగం నిజమే అని రాశాను. ఖాజా మియా మీద రాసిన వాక్యం వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. పట్టిక రాసింది నేనని, రాళ్లు కొలవకుండా పాతారని, ముల్లు బాగు చేయమని మూడు కాగితాలు ఇచ్చామని రాశాను. నిర్లక్ష్యం అన్న మాట మాత్రం తీసేయాల్సిందేనని రాశాను. దాన్ని తీసేదాకా నేను రాస్తూనే ఉంటాను. కలెక్టర్ ఆఫీసులో ఉన్న కొత్త అమ్మాయి చదివి, "మేడం, గిది ఫిర్యాదా, ఒప్పుకోలా?" అని అడిగింది. ముద్ర వేసి ఇవ్వమన్నాను.

ఇంటికి వచ్చి అమ్మతో అంతా చెప్పాను. అమ్మకు కూడా ఆ సైకిల్ సంగతి తెలియదు. నన్ను ఎవరేమన్నా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. కానీ కండ్లకోయ రోడ్డు మీద నేను ఆ మాట అన్నప్పుడు నాయిన మొహం ఎలా ఉందో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. బహుశా నేను చూడలేదు. "నేను గట్ల అన్ననని నీతోని ఏమన్న చెప్పిండా?" అని అమ్మను అడిగాను.

"ఏం చెప్పలే," అంది అమ్మ. "తెల్లారి నువ్వు కాలేజికి పోయినంక కొత్త పుస్తకాలు ముందటేసుకొని కూసున్నడు. పొద్దుమూకెదాంక అన్నిటికి అట్టలేసిండు. ఆయినె అక్షరాలు వంకర పోతయని, పంక్చర్ దుకాణపాయిన బిడ్డను పిలిచి నీ పేరు రాయించిండు."

ఆ పుస్తకాలతోనే నేను ఇంటర్ మొదటి ఏడాదంతా చదివాను. అట్టలు ఎవరు వేశారని ఒక్కసారి కూడా అడగలేదు.